పాత సుబారు ఫారెస్టర్‌కు సెంటర్ లాక్ స్విచ్: రెండు గ్యారేజీల పని, రెండు శీతాకాలాల అనుభవం

కొలరాడోలో డెన్వర్‌ను ఆనుకుని ఉన్న అరోరాలో నేను ఉంటున్నాను. నా బండి 2006 నాటి సుబారు ఫారెస్టర్, 2.5 లీటర్ల ఇంజను, 4 గేర్ల ఆటోమేటిక్. దీనికి ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి చేరే ఏర్పాటు, ఉన్నా, ముందు వెనక ఇరుసులను డ్రైవరు కావాలనుకున్నప్పుడు కలిపి బిగించుకునే మీట గానీ స్విచ్ గానీ కంపెనీ ఇవ్వలేదు. అటువంటి స్విచ్ ఒకటి బయట పెట్టించుకున్నాను. మొదట వెళ్లిన చోట పని చెడింది, రెండోచోట అదే పని ఎంతో శ్రద్ధగా జరిగింది. ఇదే తరం బండి నడుపుతూ ఇదే ఆలోచనలో ఉన్న తెలుగువారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

పనిని అంచనా వేయాలంటే ముందు యంత్రం నడిచే తీరు తెలియాలి. ఈ ట్రాన్స్‌మిషన్‌లో (గేరుబాక్సులో) ఇంజను శక్తి ముందు చక్రాలకు నేరుగా చేరుతుంది. వెనక చక్రాలకు మాత్రం, ట్రాన్స్‌మిషన్ వెనక భాగంలో ఉన్న బహుళ పలకల క్లచ్ ఎంత బిగిస్తే అంతే చేరుతుంది. ఆ పలకలను దగ్గరకు నొక్కేది ఆయిల్ ఒత్తిడి; ఆ ఒత్తిడిని హెచ్చించి తగ్గించేది ‘డ్యూటీ సి’ అనే సోలినాయిడ్, అంటే కరెంటుతో నడిచే చిన్న వాల్వు; ఆ సోలినాయిడ్‌కు కరెంటును గబగబా ఇస్తూ ఆపుతూ నడిపేది ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్. ఇక్కడ సుబారు ఇంజనీర్లు తీసుకున్న ఒక నిర్ణయం నాకు చాలా నచ్చింది. సోలినాయిడ్‌కు కరెంటు పూర్తిగా ఆగిపోతే క్లచ్ వదులైపోదు, పూర్తిగా బిగుసుకుంటుంది. అంటే ఏ వైరో తెగినా బండి నాలుగు చక్రాల మీదే ఇంటికి చేరుతుంది. దీనికి తిరగేసిన ఏర్పాటు కూడా బానెట్ కింద ఉంది: ఎఫ్‌డబ్ల్యూడీ (ఫ్రంట్ వీల్ డ్రైవ్, ముందు చక్రాలకే శక్తి) అని రాసిన ఖాళీ గడిలో ఫ్యూజు గుచ్చితే కంప్యూటర్ సోలినాయిడ్‌కు దాదాపు ఎడతెగకుండా కరెంటు ఇచ్చి క్లచ్‌ను వదులు చేస్తుంది, చిన్న స్పేరు చక్రం వేసుకున్నప్పుడు ట్రాన్స్‌మిషన్ దెబ్బతినకుండా ఉండటానికి.

మరి ఇంత ఆలోచించి చేసిన దాన్ని మార్చడం ఎందుకు? కంప్యూటర్ యాక్సిలరేటర్ ఎంత నొక్కామో, ఏ గేరులో ఉన్నామో, ఎంత వేగంతో పోతున్నామో చూసి క్లచ్‌ను ముందే కొంత బిగించి ఉంచుతుంది. అయితే మంచు కప్పిన ఎత్తు మీద యాక్సిలరేటర్‌ను మెల్లగా తాకుతూ ఎక్కుతున్నప్పుడు, అంటే మనం జాగ్రత్తగా నడుపుతున్నప్పుడే, దాని లెక్క ప్రకారం వెనక చక్రాలకు పెద్దగా శక్తి అవసరం లేదు. అందువల్ల ముందు చక్రాలు ఒక్కసారి జారి తిరిగిన తరువాత గానీ వెనకవి పూర్తిగా అందుకోవు. ఆ అరక్షణంలో బండి ముక్కు పక్కకు ఒరుగుతుంది. పక్కన లోయ ఉన్న రోడ్డు మీద ఆ అరక్షణం ఎంత పెద్దదో అనుభవించిన వారికి తెలుసు.

స్విచ్ చేసే పని వినడానికి చాలా చిన్నది: కంప్యూటర్ నుంచి సోలినాయిడ్‌కు వెళ్లే ఒక్క వైరును మధ్యలో తెంచి, డ్రైవరు కోరినప్పుడు సోలినాయిడ్‌కు కరెంటు చేరకుండా చేయడం. మొదట నేను వెళ్లిన గ్యారేజీలో సరిగ్గా అంతవరకే చేశారు. వైరు కత్తిరించి, మధ్యలో సాదా స్విచ్ పెట్టి, గంటలోపే తాళాలు చేతికిచ్చారు. కానీ కంప్యూటర్ ఆ వైరు చివర సోలినాయిడ్ తీగచుట్ట ఉన్నదో లేదో అనుక్షణం గమనిస్తూ ఉంటుంది. స్విచ్ వేయగానే దానికి సోలినాయిడ్ కనిపించకుండా పోయింది. లోపం నమోదు చేసుకుని, ఆ సోలినాయిడ్‌ను నడపడమే మానుకుంది. మర్నాడు ఉదయం ఇంజను స్టార్ట్ చేయగానే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడిని తెలిపే ఏటీ ఆయిల్ టెంప్ దీపం వరుసగా మినుకుమనసాగింది. స్విచ్ తీసినా క్లచ్ వదలలేదు. ఆఫీసు పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పితే బండి వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు కుదుపులు వచ్చాయి. ఆ గ్యారేజీవారు అది పాత బండి లక్షణమని చెప్పి పంపేశారు. నాకు నిజంగా బాధ కలిగించింది ఆ జవాబే. తప్పు ఎవరైనా చేస్తారు, కానీ చేసిన పనికీ వచ్చిన లక్షణానికీ ఉన్న సంబంధాన్ని చూడటానికి కూడా నిరాకరించడం వేరు.

రెండోది డెన్వర్‌కు దక్షిణాన ఉన్న చిన్న గ్యారేజీ, సుబారు బండ్లు మాత్రమే చూస్తారు. అక్కడి మెకానిక్ స్విచ్ మాట ఎత్తకముందే టేపు తీసుకుని నాలుగు టైర్ల చుట్టుకొలతలు కొలిచాడు. వాటి మధ్య తేడా పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు దాటకూడదని సుబారు చెబుతుంది. నా బండికి వెనక ఎడమ టైరు మిగతా వాటికంటే 11 మిల్లీమీటర్లు పెద్దది. పాత యజమాని పంక్చరు పడిన ఒక్క టైరునే మార్చి ఉంటాడు. ఆ తేడాతో క్లచ్‌ను పూర్తిగా బిగిస్తే నేరుగా పోతున్నప్పుడు కూడా పలకలు ఒకదానితో ఒకటి పోరాడుతూనే ఉంటాయి. టైర్లు సరిచేసుకుని వస్తేనే పని మొదలుపెడతానని, ఆ రోజు ఒక్క డాలరు కూడా తీసుకోకుండా పంపించాడు. వచ్చిన గిరాకీని ఇలా వెనక్కి పంపేవారిని నేను ఎక్కువగా చూడలేదు. నాలుగూ ఒకేసారి మార్చడం ఖర్చే అయినా, ఇక్కడ సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ఐ-70 రహదారి కొండ భాగంలో టైరు గాడి లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలన్న నియమం ఉంది కనుక ఎలాగూ తప్పని ఖర్చే.

రెండోసారి వెళ్లినప్పుడు ముందుగా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చాడు. ఈ క్లచ్ తడిసి ఉండేది ఆ ఆయిల్‌లోనే. ఒకసారి డ్రెయిన్ చేస్తే సగం కూడా దిగదు కనుక, మధ్యలో బండి నడిపి మూడు విడతలుగా మార్చాడు. లోపం కోడ్ చెరిపివేసి, క్లచ్ మళ్లీ మామూలుగా వదులుతున్నదని ఖాళీ స్థలంలో గుండ్రంగా తిప్పి చూపించిన తరువాతే వైరింగు మొదలైంది. పాత అతుకును పూర్తిగా తొలగించి, రెండు దారుల స్విచ్ పెట్టాడు. మామూలు స్థితిలో కంప్యూటర్ కరెంటు సోలినాయిడ్‌కే పోతుంది. లాక్ స్థితిలో అదే కరెంటు ఒక రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే భాగం) గుండా బండి లోహపు బాడీకి, అంటే ఎర్త్‌కు, పోతుంది, సోలినాయిడ్‌కు మాత్రం ఏమీ అందదు. రెసిస్టర్ విలువ సోలినాయిడ్ తీగచుట్ట నిరోధానికి దగ్గరగా, 12 ఓమ్‌లు ఉంది. అందువల్ల కంప్యూటర్‌కు అవతల అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. 12 వోల్టుల దగ్గర దానిలో 12 వాట్ల వరకు వేడి పుట్టగలదు కనుక, 50 వాట్ల అల్యూమినియం తొడుగు రెసిస్టర్‌ను ప్లాస్టిక్‌కు దూరంగా, స్టీరింగు కింద లోహపు పట్టీకి బిగించాడు. అతుకులన్నీ టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాడు. ఏ రంగు వైరును ఎక్కడ తెంచాడో బొమ్మ గీసి బిల్లుతో పాటు ఇచ్చాడు. ఆ కాగితాన్ని గ్లవ్ బాక్సులో భద్రంగా ఉంచాను.

మొదటి పరీక్ష అక్టోబరు చివర, బ్రెకెన్‌రిడ్జ్ నుంచి కోమో వైపు వెళ్లే బోరియాస్ పాస్ మట్టిరోడ్డు మీద జరిగింది. దాని శిఖరం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. నీడ పడిన మలుపుల్లో మంచు గట్టిపడి ఉంది. స్విచ్ వేసి మొదటి గేరులో కదిలినప్పుడు, ఇదివరకు నాకు అలవాటైన ఆ ముందు జారుడు, తరువాత వెనక తోపు లేకుండా, బండి మొత్తం ఒకే ముక్కగా ముందుకు సాగింది. ఆ తేడా మాటల్లో చెప్పడం కంటే స్టీరింగు పట్టుకున్న చేతులకు త్వరగా తెలుస్తుంది. నా భార్య పక్క సీటులో తలుపు పిడిని పట్టుకోలేదు. నాకు అది చాలు.

ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు భీమవరం దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నగారు వెంటనే గుర్తుపట్టారు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక చక్రం బురదలో తిరుగుతుంటే మడమతో నొక్కే లాకు ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. “గట్టు దగ్గర తిప్పేటప్పుడు మాత్రం దాని జోలికి పోకురా, చక్రాలు తన్నుకుంటాయి” అన్నారు. ట్రాక్టరులో లాకు కుడి ఎడమ చక్రాలను కలుపుతుంది, నా స్విచ్ ముందు వెనకలను కలుపుతుంది. అయినా ఆయన హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. పొడి తారు రోడ్డు మీద లాక్‌తో మలుపు తిప్పితే ఆ తేడా పోవడానికి చోటు లేక క్లచ్, టైర్లు, షాఫ్టులు భారం మోస్తాయి. బ్రేకు వేసినప్పుడు కూడా రెండు ఇరుసులు కలిసి ఉండటం, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు అనుకూలం కాదు. అందుకే నేను దాన్ని మంచు, బురద, వదులు కంకర మీద, నిదానపు వేగంలోనే వాడుతున్నాను.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ఏ ఇరుసులోనూ కుడి ఎడమలను కలపడం దీని పని కాదు కనుక, ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం ఒకేసారి గాలిలో గానీ మంచు గడ్డ మీద గానీ ఉంటే ఈ స్విచ్ ఏమీ చేయలేదు. మాన్యువల్ గేర్ల ఫారెస్టర్‌లో మధ్యలో ఉండేది చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ కప్లింగు. దానికి సోలినాయిడే లేదు, కాబట్టి ఈ పని దానికి పనికిరాదు. జారే దారుల కోసం కంపెనీయే ఇచ్చిన ఎక్స్-మోడ్‌ బటన్‌తో వచ్చిన 2014, తరువాతి బండ్లకు దీని అవసరం లేదు.

స్విచ్ పనికి 240 డాలర్లు, ఆయిల్‌కు వేరుగా 190 డాలర్లు అయ్యాయి. టైర్లు నా సొంత లెక్క. గ్యారేజీ మీద నా ఫిర్యాదు ఒక్కటే: లాక్ స్థితిని తెలిపే దీపం మొదట పెట్టలేదు. పొడి రోడ్డు ఎక్కిన తరువాత కూడా స్విచ్ తీయడం మరిచిపోయి రెండుసార్లు పార్కింగులో కుదుపు తిన్నాను. అడిగితే స్విచ్ పక్కనే చిన్న నారింజ రంగు దీపం బిగించి, దానికి డబ్బు తీసుకోలేదు. కాని రాత్రిపూట అది కంటికి కొట్టేంత వెలుగుతుంది. దానిపై పలుచని నల్ల టేపు అంటించాను, వచ్చే నెల ఆయిల్ చూపించడానికి వెళ్లినప్పుడు దాన్ని మార్పించుకోవాలి.