యూఎస్‌బీ టు సీరియల్ బోర్డు కొంటున్నారా? జంపర్‌ని నమ్మి వైర్లు కలపకండి

మా కాలేజీ ల్యాబ్‌లో ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టుల కోసం పోయిన వారం కోఠి గుజరాతీ గల్లీలో కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుకి చిన్న సర్క్యూట్లని కలిపే యూఎస్‌బీ టు సీరియల్ (టీటీఎల్) బోర్డులు ఆరు కొన్నాను. ఒక్కోటి 220 రూపాయలు. చిప్పు మీద ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ (ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పు పేరు) అని అచ్చు, పక్కన 5, 3.3 వోల్టుల్లో ఒకటి ఎంచుకునే జంపర్, అంటే మార్చి పెట్టే చిన్న క్లిప్పు. "ఒరిజినలే సార్, గ్యారంటీ" అన్నాడు షాపతను. బిల్లు అడిగితే తెల్ల చీటీ రాసిచ్చాడు. అక్కడే వెనక్కి వచ్చేయాల్సింది.

పిల్లలు జంపర్ 3.3కి మార్చి, 3.3 వోల్టులతో నడిచే ఈఎస్‌పీ-01 వైఫై మాడ్యూల్‌కి టీఎక్స్ (డేటా పంపే పిన్ను), ఆర్‌ఎక్స్ (అందుకునే పిన్ను), గ్రౌండ్ కలిపారు. పవర్ విడిగా రెగ్యులేటర్ నుంచి ఇచ్చారు. అంతా పద్ధతిగానే చేశారు. మొదటి మాడ్యూల్ కాసేపు పనిచేసి మూగబోయింది. రెండోది మర్నాటికి పోయింది. వైరింగ్ తప్పేమోనని వాళ్లను కసిరాను. అది నన్నింకా బాధపెడుతోంది, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు.

డేటా నడవనప్పుడు టీఎక్స్ లైన్ హైలోనే, అంటే పూర్తి వోల్టేజీలోనే, ఉంటుంది. అందుకని దాన్ని చూడటానికి మామూలు మల్టీమీటర్ చాలు. టీఎక్స్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టి చూస్తే 4.9 వోల్టులు! జంపర్ మాత్రం 3.3 మీదే ఉంది. ఈ చిప్పులో సిగ్నల్ వోల్టేజీ వీసీసీఐవో అనే పిన్‌కి ఇచ్చే వోల్టేజీని బట్టి ఉంటుంది. ఈ బోర్డు చేసినవాళ్లు దాన్ని నేరుగా 5 వోల్టులకి కట్టేశారు. జంపర్‌తో మారేది బయటికి పవర్ ఇచ్చే వీసీసీ పిన్ ఒక్కటే. 3.3 వోల్టుల చిప్పు దాన్నెలా తట్టుకుంటుంది?

ఇంకో సంగతి. అప్పటిదాకా లైనక్స్ మీద వాడాం. ఒక బోర్డుని విండోస్ కంప్యూటర్‌కి పెడితే, సెన్సర్ రీడింగులు రావాల్సిన చోట "నాన్ జెన్యూయిన్ డివైస్ ఫౌండ్" అని వచ్చింది. నకిలీ చిప్పు కనబడితే ఎఫ్‌టీడీఐ వాళ్ల విండోస్ డ్రైవర్ 2016 నుంచి ఈ మాట పంపుతోంది. 2014లోనైతే వాళ్ల డ్రైవర్ నకిలీ చిప్పుల ప్రోడక్ట్ ఐడీని సున్నా చేసేసేది, కంప్యూటర్ ఇక వాటిని గుర్తుపట్టేది కాదు. పెద్ద గొడవయ్యాక ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు.

వాపస్ ఇవ్వబోతే "ఎలక్ట్రానిక్ సామాను తిరిగి తీసుకోం" అన్నాడు.

కొనేముందు షాపులోనే ల్యాప్‌టాప్‌కి పెట్టి, జంపర్ రెండు వైపులా మార్చి టీఎక్స్ కొలవండి. ఒప్పుకోకపోతే పక్క షాపు చూసుకోండి. తక్కువలో కావాలంటే సీహెచ్340 అనే వేరే చిప్పుతో, ఆ పేరుతోనే అమ్మే బోర్డు నయం, కానీ దాన్నీ కొలవండి. ఇప్పటికే 5 వోల్టుల బోర్డు చేతిలో ఉంటే, టీఎక్స్ నుంచి 1 కిలో ఓమ్, అక్కణ్నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టి మధ్యలోంచి సిగ్నల్ తీసుకోండి, 3.3 దగ్గరికి వస్తుంది. పాత కంప్యూటర్ల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకి మాత్రం ఈ ఉపాయం సరిపోదు. అందులో వోల్టేజీ మైనస్‌లోకి కూడా పోతుంది, వోల్టేజీని మార్చే మ్యాక్స్3232 లాంటి చిప్పు మధ్యలో ఉండాల్సిందే.

ఆ ఆరు బోర్డుల మీదా "5 వోల్టులు మాత్రమే" అని స్టిక్కర్ అంటించి 5 వోల్టులతో నడిచే ఆర్డుయినో ఊనో బోర్డులకి ఇచ్చేశాను, లైనక్స్ మెషీన్ల మీద వాడుతున్నాం.