సాలిగ్రామంలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో: ఒక తెలుగు పాట, రెండు కాల్షీట్లు

చెన్నైలో సొంత ఖర్చుతో తెలుగు పాప్ పాట రికార్డు చేయించుకోదలచినవారికి పనికివస్తుందని, సాలిగ్రామంలో ఆర్కాట్ రోడ్డు వెనక వీధిలో, ఒక ఇంటి మొదటి అంతస్తులో నడుస్తున్న స్టూడియో గురించి రాస్తున్నాను. మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందున పేరు చెప్పడం లేదు. పాటకు బాణీ మా పిన్ని కొడుకుది, మాటలు నావి. పాడినది మా మేనకోడలు.

2011 నవంబరులో విడుదలైన తమిళ సినిమా పాట ‘వై దిస్ కొలవెరి డి’ మా ముగ్గురినీ కొంత తప్పుదారి పట్టించిందని ఒప్పుకోవాలి. అనిరుధ్ ఆ బాణీని ఐదు నిమిషాల్లో కట్టాడనీ, ధనుష్ మాటల చిత్తుప్రతిని ఇరవై నిమిషాల్లో రాశాడనీ ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏఎం స్టూడియోలో ధనుష్ నవ్వుకుంటూ పాడుతున్న ఆ వీడియో చూసినవారికి, పాట అంటే ఒక పూట పని అనిపించడంలో వింత లేదు. మేము కూడా నాలుగు గంటల కాల్షీటు (స్టూడియోను అద్దెకు తీసుకునే ఒక విడత) ఒక్కటే మాట్లాడుకున్నాము.

స్టూడియోలో పరికరాలు మరీ గొప్పవేమీ కావు. ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, గాయకులు నిలబడే ఇరుకైన గది, అందులో ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. ఏసీ చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి టేకు జరుగుతున్నంతసేపూ దానిని ఆపివేస్తారు. చెన్నై ఎండల్లో ఆ గదిలో పావుగంట పాడడం ఎంత కష్టమో మా మేనకోడలి ముఖమే చెప్పింది. అయితే అక్కడి సౌండు ఇంజనీరు చెవి మాత్రం అసాధారణమైనది. ఆయన తమిళుడు, తెలుగు రాదు. ‘భ’, ‘ఫ’ వచ్చినప్పుడల్లా గాలి మైకును తాకుతున్నదని మొదటి టేకులోనే గమనించి, మైకును కొద్దిగా పక్కకు తిప్పి, ఆ ఇబ్బందిని నిమిషంలో తీర్చారు.

అసలు చిక్కు పల్లవి రెండవ పాదంలో వచ్చింది. నేను ‘నీ నవ్వే వానజల్లు’ అని రాసుకున్నాను. బాణీలో ఆ పాదం ఒక దీర్ఘమైన స్వరం మీద ఆగుతుంది. ఛందస్సు ప్రకారం ‘జల్లు’లోని ‘జ’ గురువే కనుక అక్కడ ఇమిడిపోతుందని ధీమాగా ఉన్నాను. కానీ ద్విత్వాక్షరం ముందున్నందువల్ల గురువైనా అందులోని అచ్చు హ్రస్వమే. స్వరాన్ని సాగదీసేసరికి అది ‘జాల్లు’ అయింది, చివరి ‘లు’ తాళంలో చోటు లేక బయటికి ఒలికిపోయింది. మీరు చదివినప్పుడు ఒక మాట, అమ్మాయి పాడినప్పుడు వేరొక మాట వినిపిస్తున్నదే, రెండూ ఒకటేనా సార్ అని ఇంజనీరు అడిగేవరకు నాకు తట్టలేదు. భాష తెలిసిన నేను అర్థాన్ని వింటున్నాను, తెలియని ఆయన శబ్దాన్ని విన్నారు. కొలవెరి పాటలో ధనుష్ ఇంగ్లీషు మాటల చివర ‘ఉ’ తగిలించి తాళానికి సరిపెట్టుకున్నాడు. నా ‘ఉ’ మాత్రం తాళాన్నే చెడగొట్టింది.

‘వానజల్లు’ను ‘వానలా’ అని మార్చడానికి క్షణం పట్టింది, ఎందుకంటే ‘లా’ను ఎంతసేపైనా నిలపవచ్చు. కానీ తరువాతి పాదం ‘హరివిల్లు’తో ముగిసి ‘జల్లు’కు ప్రాసగా ఉంది. (తెలుగు పాటలో జల్లు కురిస్తే హరివిల్లు రాక తప్పదు, ఆ అరిగిపోయిన అలవాటుకు నాకు తగిన శాస్తే జరిగింది.) పల్లవి మారడంతో చరణాల ముగింపులు కూడా మార్చవలసి వచ్చింది. రెండవ కాల్షీటు అందుకే.

ఇక ఫిర్యాదులు. మైకు అమర్చి శబ్ద స్థాయిలు చూసుకున్న నలభై నిమిషాలనూ మా గంటల్లోనే లెక్కగట్టారు. ఈ సంగతి ఫోనులో చెప్పలేదు. మిక్సింగుకు (గొంతునూ వాద్యాలనూ కలిపి సరిచేసే పనికి) పాట లెక్కన విడిగా తీసుకుంటారు. గొంతు లేని ట్రాకు కూడా ఇస్తామన్నవారు పాట ఒక్కటే పంపారు, మూడుసార్లు అడిగితే గానీ రెండవది రాలేదు.

మిక్సింగు మాత్రం నిండుగా ఉంది. పాటను ఇంకా గట్టిగా వినిపించాలని, బాణీ కట్టిన మా తమ్ముడు పట్టుబట్టాడు. స్పాటిఫై వంటివి పాటలన్నింటినీ సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే గట్టిదనానికి కొలత) స్థాయికి సర్దుతాయి కనుక, హెచ్చుతగ్గులను నొక్కి గట్టిగా చేసిన పాట అక్కడ తగ్గిపోయి, నొక్కుడు మాత్రమే మిగులుతుందని చెప్పి, ఇంజనీరు రెండు రకాలుగానూ చేసి వినిపించారు. తమ్ముడు మారు మాట్లాడలేదు.

ఇక్కడికి వెళ్లేవారు ఏయే ఫైళ్లు కావాలో, గంటలు ఎప్పటి నుంచి లెక్కలోకి వస్తాయో ముందే వాట్సాప్‌లో రాయించుకోవడం మంచిది. వీధిలో కారు నిలిపే చోటు లేదు; వడపళని మెట్రో స్టేషనులో దిగి ఆటోలో రావచ్చు. వచ్చే నెల రెండవ పాటకు కూడా మేము ఇక్కడే కాల్షీటు అడిగాము. ఈసారి సాహిత్యాన్ని ముందు నేనే ఫోనులో పాడి ఇంజనీరుకు పంపాను.