మావయ్యగారు పడ్డారు: ముందు స్కానా, బీపీ మిషనా?

మా మావయ్యగారికి 76 ఏళ్లు. నెలన్నరలో రెండుసార్లు పడ్డారు, రెండుసార్లూ తెల్లవారుజామున బాత్రూమ్‌కి బయల్దేరుతూనే. మొదటిసారి తలకి స్కాన్ తీయించారు. ‘వయసుకు తగ్గ మార్పులే, ఇంకేం లేదు’ అన్నారు. ఇంట్లో అందరి టెన్షనూ తగ్గింది. స్కాన్‌లో ఏమీ లేదంటే పడడానికి కారణమే లేదని కాదు కదా! నేను ఫిజియోథెరపిస్టుని. రోజూ ఎవరో ఒకరి ఇంట్లో ఇదే మాట చెబుతుంటాను. మా ఇంటి దాకా వచ్చేసరికి, ఆయన రెండోసారి పడేదాకా నాకూ తట్టలేదు.

పడ్డాక తలలో ఏమైందో స్కాన్ చెబుతుంది. ఎందుకు పడ్డారో చాలావరకు చెప్పదు. తలకి దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, వాంతులవుతున్నా, మత్తుగా పడుకుంటున్నా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పినా ఇంకో ఆలోచన లేదు, వెంటనే ఆస్పత్రికే. పెద్దవాళ్లలో చిన్న దెబ్బకే మెదడు మీద రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడడమూ ఉంది. అందుకే స్కాన్ దండగ అనను. దాంతోనే పని అయిపోయిందనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

బీపీ మిషన్ సంగతికొస్తే, మావయ్యగారికి ఏళ్ల తరబడి బీపీ చూస్తున్నారు. ఎప్పుడు చూసినా కుర్చీలో కూర్చోబెట్టే. ఆయన పడేది మాత్రం పడుకున్నవారు లేచినప్పుడు. రెండోసారి పడ్డాక ఓ ఆదివారం తెల్లారకముందే నిద్ర లేపి, ఐదు నిమిషాలు కదలకుండా పడుకోమని చూస్తే 146/82. నిలబెట్టి ఒక నిమిషానికి చూస్తే 118/70. మూడో నిమిషంలో 122/72. దోమతెర కర్ర పట్టుకుని, “ఆఁ, ఇదేనమ్మాయ్, ఆరోజూ ఇలాగే అయింది” అన్నారు. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అది లెక్కలోకి తీసుకోవాల్సిన పతనం. ఈయనకి 28 తగ్గింది.

తర్వాత మందుల డబ్బా మంచం మీద గుమ్మరించాం. పాత బీపీ మాత్రకి తోడు, మూత్రం ధారగా రావడానికని ప్రొస్టేట్ మాత్ర ఒకటి కొత్తగా చేరింది. రెండూ రాత్రి పడుకోబోయే ముందే. ప్రొస్టేట్‌కి ఇచ్చే కొన్ని మాత్రలు రక్తనాళాలనీ వదులు చేస్తాయి. మేం సొంతంగా ఏదీ ఆపలేదు. అంకెలు కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయనే వేళలు మార్చి, ఒకదాని మోతాదు తగ్గించారు. నిద్ర మాత్రలు, షుగర్‌ని మరీ కిందికి దించే మందులు కూడా మనిషిని పడేస్తాయి. ఒక్కసారి చూసి బీపీ పడలేదు కదా అని వదిలెయ్యకండి. మనిషి పడిన వేళకే మళ్లీ చూడాలి. కొందరికి భోజనం చేశాక తగ్గుతుంది.

అసలు బీపీ మిషన్ కంటే ముందు చూడాల్సింది వాళ్లు వాడే మాట. ‘కళ్లు బైర్లు కమ్మాయి’ అంటే చాలావరకు బీపీ పడిపోవడం. ‘పక్కకి ఒత్తిగిల్లితే గది గిర్రున తిరిగింది’ అంటే చాలాసార్లు లోపలి చెవి. ‘ఎలా పడ్డానో గుర్తే లేదు’ అంటే ఈసీజీ తియ్యాలి, గుండె సంగతి తేలాలి. ‘తూలిపోతున్నాను’ అంటే కండల బలమో, షుగర్ వల్ల పాదాల తిమ్మిరో. ఇక ‘కాలు జారింది’ అనే మాటని అంత తొందరగా నమ్మకండి, అది చాలామందికి పరువు నిలబెట్టే మాట. మావయ్యగారూ అదే అన్నారు. తీరా చూస్తే ఆయన పడింది బాత్రూమ్‌లో కాదు, మంచం పక్కన పొడి నేల మీద.

బీపీ సర్దుకున్నాక మిగిలింది కాళ్ల సంగతి. దీనికి రెండు పరీక్షలున్నాయి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడం ఒకటి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడే ముప్పు ఉన్నట్టు లెక్క. ఈయనకి 16 పట్టింది. నాకు సెకన్ల కంటే ఆ మలుపే ఎక్కువ చెప్పింది: వెనక్కి తిరగడానికి ఆరు చిట్టి అడుగులు వేశారు, చెయ్యి గోడకేసి పోయింది. రెండోది, చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. 75 నుంచి 79 ఏళ్ల మగవాళ్లకి 11 కంటే తక్కువైతే తొడల్లో బలం చాలనట్టే. చెయ్యి ఆనించి లేస్తే సున్నా. ఈయనవి ఎనిమిది.

ఈ రెండు పరీక్షల్లో ఏది మేలంటారా? కారణం వెతికేటప్పుడు నాకు నడక పరీక్షే కావాలి. లేవడం, అడుగు, మలుపు, కూర్చోవడం అన్నీ అందులో కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు వారం వారం చూసుకోవడానికి కుర్చీదే సులువు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, గోడకి ఆనించిన గట్టి కుర్చీ వెయ్యండి, పక్కన ఒకరు నిలబడండి.

ఇప్పుడాయన మంచం అంచున కూర్చుని, పాదాలు కాసేపు ఆడించాకే లేస్తున్నారు. కుర్చీ లెక్క పదికి వచ్చింది. అత్తయ్యగారు పక్కన కూర్చుని లెక్కపెడతారు, ఒకటి ఎక్కువ చెప్పమని ఈయన సైగ చేస్తారు. బీపీ అంకెలు రాసిన కాగితం ఎక్కడో పోయింది. స్కాన్ ఫైలు మాత్రం బీరువాలో భద్రంగా ఉంది, వచ్చిన ప్రతి చుట్టానికీ అదే తీసి చూపిస్తారు.