లిట్‌తో కాపురం చేశాక

కాంపొనెంట్ (వెబ్ పేజీలో మళ్లీ మళ్లీ వాడుకునే ముక్క) లైబ్రరీల మీద వచ్చే పొగడ్తల్లో చాలావరకు పెళ్లైన వారానికే రాసినవి. ఇది అలాంటిది కాదు. పంట ధరలు చూపించే ఒక పాత పీహెచ్‌పీ (సర్వర్‌లో పేజీలు తయారుచేసే భాష) సైటులో లిట్‌ను, అంటే మన సొంత ట్యాగులు తయారుచేసుకునే జావాస్క్రిప్ట్ లైబ్రరీని, ఏళ్లుగా వాడుతున్నాను. ఒక్కో పేజీలో పదుల కొద్దీ ధరల కార్డులు, మార్కెట్ ఎంచుకునే మెనూ, చిన్న చిన్న గ్రాఫులు ఉంటాయి. పేజీ మొత్తాన్ని జావాస్క్రిప్ట్‌కు అప్పగించే ఉద్దేశం మాకు లేదు. అక్కడక్కడ కదిలే ముక్కలు కావాలి, అంతే.

ఈ పనికి ఇంతకుముందు రియాక్ట్ అనే మరో జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడేవాళ్లం. సర్వర్ పంపిన పేజీలో విడివిడిగా ఉన్న ప్రతి ముక్కకూ ఒక రూట్ (రియాక్ట్ పని మొదలుపెట్టే చోటు) సృష్టించాలి. ఒక రూట్‌లోని కాంటెక్స్ట్, అంటే ముక్కలు పంచుకునే సమాచారం, పక్క రూట్‌కు అందదు. యూజ్‌ఐడీ అనే రియాక్ట్ ఫంక్షన్ ఇచ్చే ఐడీలు రూట్ల మధ్య ఢీకొనకుండా ఒక్కోదానికి వేరే ప్రిఫిక్స్ ఇవ్వాలి. ఇవేవీ అసాధ్యం కావు, కానీ అంతా కాపలా పనే. లిట్‌లో ట్యాగు రాస్తే చాలు. మిరపకు ఒకటి, పత్తికి ఒకటి అని పీహెచ్‌పీ ఎన్ని ట్యాగులు పంపినా, తర్వాత వచ్చిన జవాబులోంచి కొత్తవి చేర్చినా, బ్రౌజరే వాటిని గుర్తించి బతికిస్తుంది. కంప్రెస్ చేశాక లైబ్రరీ బరువు దాదాపు 5 కేబీ. కార్డులు ఎన్ని ఉన్నా వాటన్నిటికీ ఒకే స్టైల్‌షీట్ (రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడు) పంచుతుంది కాబట్టి పాత ఫోన్లలో కూడా పేజీ తడబడదు.

అసలు పరీక్ష తెలుగు దగ్గర వచ్చింది. లిట్ కాంపొనెంట్ లోపలి భాగాన్ని షాడో డామ్‌లో, అంటే పేజీ స్టైల్స్ నుంచి వేరుచేసే గోడ వెనక, పెడుతుంది. దాని లోపల రాసిన ఫాంట్‌ఫేస్ (ఫాంట్‌ను తెప్పించే) నియమం పనిచేయదు. ఆ నియమాన్ని ప్రధాన పేజీలోనే ప్రకటించాలి. ఫాంట్ కుటుంబం మాత్రం బయటినుంచి లోపలికి వారసత్వంగా వస్తుంది. అయితే బటన్లు, ఇన్‌పుట్లు ఆ వారసత్వాన్ని తీసుకోవు. కార్డులో అక్షరాలు చక్కగా నోటో సాన్స్ తెలుగులో ఉంటే, దాని కిందున్న బటన్ మాత్రం ఫోను సొంత ఫాంట్‌లో కనిపిస్తుంది. ప్రతి కాంపొనెంట్‌లోనూ ‘ఫాంట్: ఇన్‌హెరిట్’ రాయక తప్పదు. బయటి సంస్థ ఇచ్చిన ఒక విడ్జెట్‌లో వరుస ఎత్తును ఇంగ్లీషు అక్షరాల కొలతకే బిగించేశారు. ‘రాష్ట్రం’ అని వస్తే కింది ఒత్తులు తెగిపోయేవి. వాళ్లు పార్ట్ (బయటినుంచి స్టైల్ చేయడానికి వదిలే పేరు) గానీ, సీఎస్ఎస్ వేరియబుల్ గానీ ఇవ్వలేదు కనుక మా స్టైల్‌షీట్ నుంచి సరిచేసే దారే లేదు. మన సీఎస్ఎస్ వాళ్లది చెడగొట్టకుండా కాపాడే గోడే, వాళ్ల తప్పును మనం దిద్దకుండా కూడా ఆపుతుంది. షాడో డామ్‌ను మెచ్చుకునేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు.

ఇంకో చిరాకు: ట్యాగు పేరు పేజీ అంతటికీ ఒక్కటే. రెండు బండిల్స్ (కలిపికట్టిన స్క్రిప్ట్ ఫైళ్లు) అదే పేరును నమోదు చేస్తే రెండోది ఎర్రర్ విసిరి ఆగిపోతుంది. పేర్లకు ముందు బృందం గుర్తు పెట్టడం మొదటిరోజే అలవాటు చేసుకోండి. స్క్రిప్ట్ వచ్చేదాకా కార్డు స్థానం ఖాళీగా ఉండే సమస్యకు, షాడో డామ్‌ను హెచ్‌టీఎంఎల్‌లోనే రాసి పంపే డిక్లరేటివ్ షాడో డామ్ ఉంది. 2024 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ కూడా చేరడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది. కాకపోతే లిట్ సర్వర్ రెండరింగ్‌కు (కాంపొనెంట్‌ను సర్వర్‌లోనే గీసి పంపడానికి) సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కావాలి, మాది పీహెచ్‌పీ. అందుకే ధరను ట్యాగు మధ్యలో మామూలు అక్షరాలుగానే పంపుతాం. స్క్రిప్ట్ రాకపోయినా రైతుకు అంకె కనిపిస్తుంది, గ్రాఫు తర్వాత వస్తుంది.

ఫారాల విషయంలో మాత్రం మార్కులు తక్కువే. బయట ఉన్న లేబుల్ షాడో లోపలి ఇన్‌పుట్‌ను ఐడీతో పట్టుకోలేదు. ఎలిమెంట్ ఇంటర్నల్స్ అనే బ్రౌజర్ సదుపాయంతో విలువను ఫారానికి చేర్చవచ్చు, కానీ మామూలు ఇన్‌పుట్ ఉచితంగా ఇచ్చే సదుపాయాలకు అంత కోడు రాయడం నాకు నచ్చలేదు. మార్కెట్ ఎంచుకునే మెనూకు లిట్‌లోని క్రియేట్ రెండర్ రూట్ అనే పద్ధతిని మార్చి షాడో లేకుండానే నడుపుతున్నాం. అప్పుడు కాంపొనెంట్‌లో రాసిన స్టైల్స్ వర్తించవు, పేజీ సీఎస్ఎస్‌లోనే రాసుకోవాలి. ఆ బేరం నాకు సమ్మతమే.

మొత్తం అప్లికేషనే రియాక్ట్‌లో ఉన్నవాళ్లకు దీనికోసం ఇల్లు మారమని చెప్పను. సర్వర్ నుంచి వచ్చే పేజీలో ఒకే ముక్కను చాలాచోట్ల పెట్టాల్సినవాళ్లు మాత్రం ముందు లిట్‌నే చూడండి, ఫారాలను పక్కన పెట్టి.