పదిహేనేళ్ల పాత సెడాన్: ఇంజను గట్టిదే, ఏడిపించిందంతా కరెంటే

మాది 2010 మోడల్ పెట్రోల్ సెడాన్. విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, ఏళ్ల తరబడి వాడుతున్నాం. మీటరు లక్షన్నర కిలోమీటర్లు దాటింది. ఇంజను మాత్రం ఇంతవరకూ నడిరోడ్డు మీద దింపలేదు. సతాయించిందల్లా కరెంటు పనే. పాత కారు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఇంజను సౌండు వింటారు, పెయింటు తడుముతారు, మీటరు వెనక్కి తిప్పారేమోనని ఆరా తీస్తారు. వైరింగు సంగతి ఎవరూ అడగరు. డబ్బూ ఓపికా కరగదీసేది అదే.

మొదట వచ్చింది సెల్ఫ్ గొడవ. పొద్దున తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. రెండుమూడు సార్లు తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాం. కొన్నాళ్లకు మళ్లీ టక్. సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. చివరికి ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ పని మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్పానర్ ముట్టుకోకుండా వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటరు తీశారు. ఒక వైరు ఇంజను బ్లాకుకి, ఇంకోటి బ్యాటరీ మైనస్‌కి ఆనించి నన్ను తాళం తిప్పమన్నారు. మీటరు ఒకటిన్నర వోల్టుల దాకా లేచింది. “ఇక్కడ దాదాపు సున్నా ఉండాలండీ. మీ బ్యాటరీకి ఏం కాలేదు, ఎర్తు పోయింది” అన్నారు.

ఇంజనునీ బాడీనీ కలిపి, కరెంటును తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేర్చే ఎర్త్ పట్టీ పైకి చూస్తే నిక్షేపంగా ఉంది. బోల్టు తీసి లగ్గు (బోల్టు కింద కూర్చునే చివరి రింగు) దగ్గర వంచితే లోపలి రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలాయి. స్టార్టు చేసే క్షణంలో సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డం పడినా 1.5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. కొత్త బ్యాటరీ వేసినప్పుడు కొన్నాళ్లు బాగుండేది కూడా ఇందుకే. దాని కొత్త బలం ఆ నష్టాన్ని కప్పేస్తుంది, బలం కాస్త తగ్గగానే పాత రోగం బయటపడుతుంది. కొత్త పట్టీ వేసి, బాడీ మీద పెయింటు గీకి మెరిసే ఇనుము తేలాక బోల్టు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాశారు. బ్యాటరీ ఖర్చుతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకే రాదు. ఆ తర్వాత సెల్ఫ్ గొడవ మళ్లీ రాలేదు.

రెండోది, నాలుగైదు రోజులు కదపకపోతే బ్యాటరీ నిల్ అయిపోవడం. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మధ్యలో మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో కలపాలి. ఆ స్థితిలో బండి స్టార్టు చేయకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. తలుపులన్నీ మూసి అరగంట ఆగితే బండిలోని కంప్యూటర్లు నిద్రపోతాయి. అప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపిస్తే ఫర్వాలేదు. మాది 300 దాటింది. అంటే రోజుకు ఏడు ఆంపియర్-అవర్ల పైమాటే. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అయిదు రోజులు కూడా ఆగదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకినా అంకె తగ్గలేదు. తగ్గనప్పుడే అనుమానం వచ్చింది: ఫ్యూజు బాక్సుతో సంబంధం లేకుండా ఎవరో వైరు లాగి ఉండాలి. డ్యాష్‌బోర్డు విప్పితే పాత ఓనరు పెట్టించిన స్టీరియో యాంప్లిఫయర్‌కి నేరుగా బ్యాటరీ నుంచి వైరు, చివర అట్టపెట్టెలకు అంటించే టేపు చుట్టిన ముడి. షార్ట్ అయితే బండే తగలబడేది. పాత కారు కొంటే బయట పెట్టించిన లైట్లు, హారన్లు, స్టీరియో వైర్లు అన్నీ ఒకసారి విప్పించి చూడండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నా.

మూడోది ఎండాకాలం సమస్య. హైవే మీద టెంపరేచర్ ముల్లు కదలదు, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగితే పైకి పాకుతుంది. వేగంగా పోతున్నప్పుడు గాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, నిలబడితే ఫ్యాన్ మీదే భారం. కాబట్టి ఈ తేడా కనిపిస్తే ముందు ఫ్యాన్ సంగతి చూడాలి. ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు, అంటే రిలే మార్చారు, వారానికి అదే తంతు. రిలే కూర్చునే సాకెట్టు పిన్ను వదులై, వేడికి చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి కరిగి ఉంది. సాకెట్టు మార్చకుండా ఎన్ని రిలేలు మార్చినా అంతే. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే మాత్రం బండి పక్కకు తీసి ఇంజను ఆపేయండి. ఇంజను బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోతే వచ్చే బిల్లు ముందు ఇవన్నీ చిల్లర. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు.

మెకానికల్ పనులు ఏ పాత బండికైనా ఉండేవే: లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, ఇంజను మౌంటింగులు, ఒక క్లచ్ సెట్టు. అవి అరుగుతాయి, మారుస్తాం, అయిపోతుంది. స్పేర్ల విషయంలో నా పద్ధతి ఒకటే. బ్రేకులు, క్లచ్, సెన్సర్లు ఒరిజినల్‌వి. అద్దాలు, ఫెండర్ క్లిప్పుల లాంటివి లోకల్‌వైనా సరే. లోకల్ సెన్సర్ వేస్తే చెక్ లైటు మళ్లీ వెలుగుతుంది, రెండోసారి లేబర్ కూడా మనదే.

బండి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే. అది 2025లో ముగుస్తుంటే ఫారం 25తో రెన్యువల్ చేయించాం, ఇంకో అయిదేళ్లకు ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో కారు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరు. పాత కారు బేరమాడేటప్పుడు ఆర్‌సీలో ఆ తేదీ చూసి ఈ ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి.

సీటింగు, ఏసీ, హైవే మీద నిలకడ మాకు ఇప్పటికీ ఇష్టం. ఇంట్లో ఇంకో బండి ఉండి, నమ్మకమైన ఎలక్ట్రీషియన్ దొరికేవాళ్లకు ఈ వయసు కారు లాభమే. తెల్లవారి ఆరింటికి డ్యూటీకి ఇదొక్కటే ఆధారమైతే నేను కొనమని చెప్పను. మేం అమ్మడం లేదు. వచ్చే ఎండాకాలం లోపు రేడియేటర్ గొట్టాలు గట్టిపడ్డవి మార్పించి, ఫ్యాన్ కనెక్టరు కొత్తది వేయించాలి.