బరువు తగ్గడానికి ఇంజెక్షనా, నడకా, రెండూనా: ఏది మేలు?

మా అక్క 92 కిలోలు ఉండేది, షుగర్ కూడా. మూడేళ్లు పొద్దున్నే ఇందిరా పార్కులో నడిచింది, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింది. నాలుగైదు కిలోలు తగ్గేది, మళ్లీ పెరిగేది. చుట్టాలేమో "నోరు కట్టుకోదు" అనేవాళ్లు. ఆ మాటంటే నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే బరువు తగ్గిన కొద్దీ ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలు తగ్గుతాయి, అంటే శరీరమే మనిషిని పాత బరువు వైపు లాగుతుంది.

డాక్టర్ సెమాగ్లూటైడ్ అనే ఆకలి తగ్గించే ఇంజెక్షన్ రాసినప్పుడు ఇంట్లో అందరికీ టెన్షనే. ఆ మందు మీద 2021లో వచ్చిన స్టెప్ 1 అనే ట్రయల్ చూస్తే నాకు కొంత ధైర్యం వచ్చింది. అందులో రెండు గుంపులకూ తిండి తగ్గించమన్నారు, వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదిలించమన్నారు. 68 వారాలకు మందున్న ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం తగ్గారు, మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.4 శాతం. అక్క బరువుకు లెక్కేస్తే దాదాపు 14 కిలోలకూ రెండు కిలోలకూ ఉన్న తేడా.

మరి నడక దండగా? కాదు. షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన పెద్ద స్టడీ 2002లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లకు 31 శాతమే. మన వాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 25 దాటితే చాలు ఊబకాయం అంటారు గానీ, ఈ ఇంజెక్షన్లు మామూలుగా 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్లకు. కాబట్టి 26 దగ్గర ఉండి వేరే జబ్బేమీ లేకపోతే ముందు నడకే, అందులో నాకు అనుమానం లేదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఇంజెక్షన్ వేసుకుని మిగతావన్నీ గాలికి వదిలేయడం. ఆకలి చచ్చిపోతుంది, రెండు ఇడ్లీలు, టీతో రోజు గడిచిపోతుంది, కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. అక్క మొదటి రెండు నెలలూ అలాగే చేసింది, మెట్లెక్కితే కాళ్లు వణికేవి. తర్వాత గుడ్డు, పప్పు, పెరుగు పూటపూటకీ చేర్చి, వారానికి మూడు రోజులు బరువులు ఎత్తడం మొదలుపెట్టాకే కుదురుకుంది. వికారం, మలబద్ధకం మాత్రం డోసు పెంచినప్పుడల్లా కొన్నాళ్లు ఉండేవి.

కాబట్టి అక్కలాంటి వాళ్లకు రెండూ కలిపితేనే మేలు. అయితే ఖర్చు చిన్నది కాదు. ఇలాంటిదే ఇంకో ఇంజెక్షన్ మౌంజారో 2025 మార్చిలో మన దగ్గరికి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల డోసు 3,500 రూపాయలు, అదీ వారానికొకటి. పైగా స్టెప్ 1లో ఇంజెక్షన్, తిండి-నడక సలహాలు అన్నీ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక అరుదైన రకం) ఉన్నవాళ్లు, పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) వచ్చినవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. పక్కింటావిడ వాడుతోందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. మొదటి డోసుకు ముందే ఎన్నాళ్లు వాడాలి, ఆపేటప్పుడు ఎలా ఆపాలి అని డాక్టర్‌ను అడగండి, మేం అడగకుండానే మొదలుపెట్టాం.