దీవుల మ్యాప్ బొమ్మలు చూసి స్ట్రాటజీ గేమ్ కొనేవారికి హెచ్చరిక

టర్న్ బేస్డ్ (వంతులవారీగా ఆడే) గేమ్‌లలో సైన్యాన్ని సముద్రం దాటించి అవతలి ఒడ్డున దించడాన్ని ఇష్టపడేవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. పోయిన నెల నేను కొన్న గేమ్ అమ్మకపు పేజీ నిండా ఓడల మీంచి సైనికులు ఒడ్డుకు దూకుతున్న చిత్రాలే ఉన్నాయి. వాటిని నమ్మే కొన్నాను.

ఆరో గంట ఆటలో గానీ సముద్రం దాటే అవసరం రాలేదు. ఇందులో రవాణా ఓడలు లేవని, మ్యాప్‌లోని నీటి గడిలో అడుగుపెట్టిన యూనిట్ (సైనిక దళం) తానే పడవగా మారుతుందని అప్పుడు తెలిసింది. ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. 2010లో వచ్చిన సివిలైజేషన్ 5 గేమ్‌లో కూడా ఆప్టిక్స్ అనే టెక్నాలజీ సాధించాక యూనిట్లు అలాగే నీటిలోకి దిగుతాయి. దానికి ముందటి సివిలైజేషన్ 4లో ఓడ రకాన్ని బట్టి గ్యాలీకి 2, గ్యాలియన్‌కు 3, ట్రాన్స్‌పోర్ట్‌కు 4 యూనిట్ల చొప్పున ఎక్కించాలి, ఓడ మునిగితే అందులోనివన్నీ పోతాయి కాబట్టి కాపలా ఓడలు లేకుండా బయలుదేరడానికి మనసొప్పేది కాదు. నాకు ఇప్పటికీ అదే ఎక్కువ ఇష్టం.

నేను కొన్నదానిలో లోపం దారి ఎంచే తీరులో ఉంది. దూరపు కోటకు వెళ్ళమంటే, ఒడ్డు వెంబడి మంచి దారి ఉన్నా, రెండు గళ్లు కలిసివస్తాయని యూనిట్లను మనల్ని అడగకుండానే నీటిలోకి దించేస్తుంది. నా కాటపుల్ట్‌లు (రాళ్లు విసిరే యంత్రాలు) మూడు అలా తీరానికి ఒక గడి దూరంలో ఆగిపోగా, శత్రువు గ్యాలీలు వచ్చి రెండింటిని ముంచేశాయి. మూడోది ఒడ్డెక్కింది కానీ, ఒడ్డెక్కడానికే ఆ టర్న్ కదలికలన్నీ ఖర్చయి, అక్కడే నిలబడి శత్రువుల చేతికి చిక్కింది.

దీనికన్నా బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. దీవుల మ్యాప్‌లో కొత్త ఆట మొదలుపెట్టి 120 టర్న్‌లు చూశాను. పక్క దీవి ఒడ్డున కత్తి సైనికులు గుంపుగా చేరారే తప్ప, కంప్యూటర్ ఒక్కరినైనా నీరు దాటించలేదు.

గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో రీఫండ్ నియమం ప్రకారం కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందే అడగాలి. ఇలాంటి లోపం మామూలు ఆటలో ఆ గడువు ముగిశాకే బయటపడుతుంది. అందుకని ఏ గేమ్ కొన్నా మొదటి గంటలోనే అతి చిన్న దీవుల మ్యాప్ ఎంచుకుని, ఒక యూనిట్‌ను నీటికి అవతలివైపు పంపి చూడండి. శత్రువు మీ ఒడ్డుకు వస్తాడో లేదో కూడా అప్పుడే గమనించండి.